ఆఖరి దుప్పటి

వేరు కుంపటి అన్న మాట ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరి ఇంటి గొడవో చెప్పుకునేటప్పుడే వినపడేది. ఆ సెలవురోజు పొద్దున అది వాళ్ల వసారాలోకే వచ్చి కూర్చుంది. కుంపటంటే నిజంగా కుంపటి కాదు, మంచం కింద ఎన్నాళ్లుగానో దుమ్ము కొట్టుకుని పడున్న కిరసనాయిలు స్టవ్వు. వెలిగిస్తే మంటకంటే పొగ ఎక్కువ వచ్చింది. దాని ముందు పీట వేసుకుని, వీపు ఇంటివైపూ ముఖం వీధివైపూ పెట్టి, అందరూ మెరుపు అని పిలిచే ఆ ఇంటి ఆడపిల్ల కూర్చుంది.

లోపల పొయ్యి దగ్గర ఆమె వదిన నిలబడింది. ఇద్దరూ టీ కాస్తున్నారు. పాల ప్యాకెట్టు ఒకటే, గిన్నెలే రెండు.

నిజానికి ఆవిడ మెరుపు ఒక్కదానికే వదిన. కానీ ఇద్దరూ ఒకే లాండ్రీలో ఒకే బల్ల దగ్గర హోటళ్ల దుప్పట్లు మడతపెడతారు కాబట్టి, రోజంతా "వదినా, వదినా" అన్న పిలుపు విని విని అక్కడ అందరూ అదే అందుకున్నారు. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా వదిననే అంటారు.

వాళ్లిద్దరికీ మధ్య గుమ్మంలో ఇరుక్కున్నవాడు ఒకరికి మొగుడు, ఇంకొకరికి అన్న. అదే లాండ్రీలో బాయిలర్ మేస్త్రి. ఆవిరితో ఎలా వేగాలో తెలిసినవాడే గానీ, మాట్లాడని ఆడవాళ్లతో ఎలా వేగాలో తెలియనివాడు. కుడిచేతికి లోపలి గ్లాసు వచ్చింది, ఎడమచేతికి బయటి గ్లాసు వచ్చింది. ఏది ముందు తాగినా తంటాయే. ఇటో గుక్క, అటో గుక్క తాగి, ఎవరూ అడక్కుండానే రెండూ బాగున్నాయన్నాడు.

"ఒకదాంట్లో పంచదార లేదుగా," అంది మంచం మీంచి మెరుపు తల్లి, వదినకి అత్తగారు.

పంచదార డబ్బా లోపల ఉంది, మెరుపు బయట ఉంది. ముసలావిడకి ఇల్లు చూడాలంటే కళ్లు తెరవనక్కర్లేదు. మేస్త్రి డబ్బా కోసం పై అరలో తడుముకున్నాడు. అది ఎప్పుడో కింది అరలోకి దిగిందని వదిన చెప్పింది. ఎందుకు దిగిందో ఆయన అడగలేదు, ఆవిడకీ గుర్తు లేదు.

పంచదార వసారాలోకి వెళ్లింది. వెళ్లినట్టే తిరిగొచ్చింది. మెరుపు మూత కూడా తియ్యలేదు.

నిన్న సాయంత్రం వదిన ఒక మాట అంది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఎంతమందికి నీతులు చెప్పిందో, ఆవిడ నోరే జారింది. ఆ మాట ఇంకా ఇంట్లో తిరుగుతూనే ఉంది. ఊడుస్తున్నా పోవడం లేదు.

దానికి ముందు జరిగింది తలుచుకుంటే వదినకి అంతా ఆవిరిలో కనపడుతుంది. లాండ్రీ హాల్లో ఏదైనా అలాగే కనపడుతుంది మరి. వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పటి ఇస్త్రీ అయి, పొగలు కక్కుతూ బయటికొస్తుంది. ఇద్దరు చెరో రెండు కొసలు పట్టుకుని వెనక్కి నడవాలి. ఒక్క విదిలింపు విదిలించి, అంచుకు అంచు కలిపి, మళ్లీ ఎదురెదురుగా నడిచి రావాలి. ఒకరి చేతిలోంచి కొసలు ఇంకొకరి చేతిలోకి మారతాయి. మళ్లీ వెనక్కి, మళ్లీ దగ్గరికి. రోజంతా ఇదే. తెల్లటి ఆవిరిలో మనుషులు దూరమై, దగ్గరై, మళ్లీ దూరమవుతారు. కొన్నాళ్లకి ఎవరు ఎవరివైపు నడుస్తున్నారో కూడా తెలియదు. ఇంటికొచ్చి పడుకున్నా కాళ్లు ముందుకీ వెనక్కీ నడుస్తున్నట్టే ఉంటుంది.

ఆ హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మొదలెట్టారో వదినకి తెలియదు. సాయంత్రం గంట కొట్టే ముందు ఆఖరి దుప్పటి మాత్రం తొందరపడకుండా మడవాలి. మాటలు ఆగిపోతాయి. అన్ని బల్లల దగ్గరా ఒకే నడకలో, నీళ్లలో నడుస్తున్నట్టు నడుస్తారు. విదిలింపు కూడా చప్పుడు కాదు. దుప్పటి గాలి నింపుకుని పైకి లేచి, ఎంతసేపటికో గానీ దిగదు. ఆ దుప్పటి మీద పడుకున్నవాళ్లకి మంచి నిద్ర పడుతుందని ఒక నమ్మకం. ఎవరో ముక్కూ ముఖం తెలియని ప్రయాణికుడు ఎక్కడో హాయిగా ఒత్తిగిలి పడుకుంటాడని తలుచుకుంటే వదినకి తన ఒళ్లే తేలికైనట్టుండేది. సూపర్వైజరు మొదట్లో గొణిగేవాడు. ఒక్క దుప్పటేగా అని ఊరుకున్నాడు.

అలాంటి హాల్లోకి గడియారం సారు వచ్చాడు.

ప్రభుత్వం వేసిన వేతన సంఘం ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని, చివరికి లాండ్రీ పనివాళ్ల కూలి పెంచాలని తేల్చింది. ఆ వార్త విన్నరోజు ఆడవాళ్లు పనిలో పాటలు పాడారు. యజమానులు మాత్రం దానికో తోక తగిలించారు. రోజుకింత పని అని ఒక కొలత పెట్టాలి, ఆ కొలత అందుకున్నవాళ్లకే పూర్తి కూలి, అందుకోనివాళ్లకి చేసినంతకే. సంఘం సరేనంది. ఆ కొలత ఎంతో చూసి రమ్మని, మెడలో స్టాప్‌వాచీ గడియారం వేలాడే ఒక సారుని పంపింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆయన్ని వాళ్లు చుట్టంలా చూశారు. ఇంటికి చుట్టం వస్తే చిరుగుల దుప్పటి దాచి మంచిది పరుస్తాం. హాలంతా ముందురోజే కడిగారు. ఏప్రాన్లు ఉతుక్కున్నారు. గుమ్మానికి దగ్గరగా ఉన్న వదిన బల్ల పక్కనే ఆయనకి స్టూలు వేశారు. ఇక మెరుపు చేతులు చెలరేగాయి. ఆమె లాగితే వదిన వదలాలి, ఆమె వస్తే వదిన ఎదురెళ్లాలి. రెండు కొసల మీద ఇద్దరుంటే వేగం ఒకరిదే అవుతుంది. వదిన కూడా ఎగిరిపోయింది. పక్క బల్లలవాళ్లు పని ఆపి చప్పట్లు కొట్టారు. మన పని పెద్దాయన కళ్లారా చూశాడు, ఇక మన విలువ తెలుస్తుందని అందరూ మురిసిపోయారు.

ఆయన కాసేపు చూసి వెళ్లాడు. ఆ కాసేపటిని రోజంతటికీ హెచ్చవేశాడు.

గోడ మీద కొలత అంటించిన రోజు హాల్లో రోలర్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. అది ఏ జోడీకీ అందేది కాదు. ఈ చేత్తో పెంచి ఆ చేత్తో లాక్కున్నట్టయింది. వయసు మళ్లినవాళ్లకైతే పాత కూలి కూడా వచ్చేలా లేదు. కొలత అందుకోలేనివాళ్లకి తేలిక పని చూపిస్తామని సూపర్వైజరు చెప్పాడు. తేలిక పనంటే ఇంట్లో కూర్చోవడమని అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పినప్పుడు అందరూ వీళ్లిద్దరికీ వీపులు పెట్టి తిన్నారు. పక్కబల్ల పెద్దమ్మ, వదినకి పనిలో చేరిన రోజు నుంచీ పచ్చడి పంచుకున్న మనిషి, ఆవిడ కూడా అటే తిరిగింది.

మొరపెట్టుకోగా పెట్టుకోగా సంఘం ఒక మెట్టు దిగింది. కొలత ఖాయం చేసేముందు ఇంకొక్కసారి చూస్తామంది. అదే బల్ల, అదే జోడీ. అది రేపు.

అందుకే నిన్న సాయంత్రం వదిన మెరుపుతో, ఎల్లుండి కాస్త నిదానంగా చెయ్యమంది. మెరుపు తల అడ్డంగా ఊపింది. పని రానిదానిలా నటించమంటున్నావా అని అడిగింది. రోజూ అందరి వీపులు చూసి చూసి కడుపు మండి ఉన్న వదిన, నటించడం ఎందుకు, చిన్నప్పుడు ఎలాగూ మొద్దువేగా అనేసింది.

మొద్దు. బళ్లో అక్షరాలు ఆ పిల్ల కళ్లలో నిలిచేవి కావు. టీచర్లు అలాగే పిలిచారు, వీధి పిల్లలు అలాగే పిలిచారు, నవ్వుతూనే అనుకోండి, అన్నయ్య కూడా అలాగే పిలిచాడు. లాండ్రీలో మొదటి మడత నేర్పింది వదినే. నేర్పిన వారం తిరక్కుండానే ఆ చేతులు నేర్పినదాన్ని దాటిపోయాయి. సూపర్వైజరు మెరుపు అన్నాడు. ఆ పేరు వచ్చాక పాత పేరు మళ్లీ ఎవరి నోటా రాలేదు. నిన్న వచ్చింది. అదీ వదిన నోటి నుంచి.

మధ్యాహ్నం సగం ఎండా సగం మబ్బూగా ఉన్న వేళ, వదిన కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ నిద్రకీ మెలకువకీ మధ్య తేలుతోంది. బియ్యం చిన్న చిన్న దుప్పట్లలా కనపడుతున్నాయి, ఎవరో ఒక్కొక్కటే మడిచి పెడుతున్నారు. అంతలో వీధిలో స్కూటరు ఆగింది. సూపర్వైజరు. ఆ వీధి ముఖం ఎన్నడూ చూడని మనిషి, వసారాలో స్టవ్వునీ పీటనీ చూసి, ఏం అర్థమైందో ఏమో, లోపలికి రానేలేదు.

ఆయన మాటలు కిటికీలోంచి ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. రేపు ఎవరేం చెప్పినా వినొద్దన్నాడు. మొన్నటిలాగే చేస్తే చాలన్నాడు. ఆ తరవాత మెరుపు దుప్పటి ముట్టుకోనక్కర్లేదు, బల్లలన్నిటికీ పెద్దగా నిలబడి చూసుకోవచ్చు. మిగతావాళ్లకి చేతకాక ఏడుస్తున్నారన్నాడు. చివరికి స్కూటరు తిప్పుకుంటూ ఇంకో మాటన్నాడు.

"నీలాంటి చెయ్యి తరానికొకటి పుడుతుందమ్మా."

మంచం మీద అత్తగారు కళ్లు తెరిచింది. "ఆ మాట నేనెక్కడో విన్నాను," అంది. ఎక్కడ అని వదిన అడిగితే, గోడవైపు తిరిగి పడుకుంది.

మెరుపు ఏం జవాబు చెప్పిందో వదినకి వినపడలేదు. బయట స్టవ్వు మీద ఏదో మాడుతున్న వాసన మాత్రం వచ్చింది. లేచి వెళ్లి గిన్నె దించాలని కాళ్లు లాగాయి. వెళితే ఏమంటుందోనని భయం కూడా వేసింది. సొంత ఆడపడుచు దగ్గరికి వెళ్లడానికి భయపడే రోజు వచ్చినందుకు వదినకి ఏడుపొచ్చింది. బియ్యంలో కన్నీళ్లు పడకుండా చాట పక్కన పెట్టింది.

సాయంత్రం వెలుగు పసుపురంగుకి తిరిగే వేళకి అత్తగారికి జడ వెయ్యాలి. ఆవిడ చేతులు భుజాలు దాటి పైకి లేవవు. ఒకప్పుడు ఆవిడా అదే హాల్లో మడతలు పెట్టిన మనిషే. రోజూ తల దువ్వేది మెరుపు. ఇవాళ మెరుపు లోపలికి రానని కూర్చుంది. వదిన దువ్వెన తీసుకుంటే, నువ్వొద్దు అంది ముసలావిడ. నెమ్మదిగా లేచి, గోడ పట్టుకుని నడిచి, సరిగ్గా గుమ్మంలో చతికిలబడింది. ఒళ్లు సగం లోపల, సగం వసారాలో.

"ఇప్పుడు ఎవరు వేస్తారో వెయ్యండి. నా జడకి వేరు కుంపటి లేదు."

మెరుపు పీట మీంచి కదిలింది. వదిన లోపలివైపు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక పాయ ఈవిడ చేతిలో, ఒక పాయ ఆమె చేతిలో, మూడోది ఎవరికి వీలైతే వాళ్ల చేతిలో. నెరిసిన జుట్టు, గుప్పెడు కూడా లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ చేతులకి ఆ పట్టింపులు తెలియవు. ఒకరు వదిలిన పాయ ఇంకొకరు అందుకున్నారు.

"నన్నూ పిలిచేవాళ్లు, సుడిగాలీ అని," అంది అత్తగారు వీధిలోకి చూస్తూ.

మెరుపు చెయ్యి ఆగింది.

అప్పటి సూపర్వైజరు వేరే ఆయనట. ఈ సూపర్వైజరు మధ్యాహ్నం అన్న మాటే ఆయనా అన్నాడట, తరానికొక చెయ్యి అని. ఆవిడతో జోడీ కట్టినవాళ్లు ఒకరి తరవాత ఒకరు మానేశారట. వాళ్లకి చేతకాక పోయారనుకుని ఆవిడ నవ్వుకునేదట. ఇవన్నీ ఆవిడ కల చెప్పినట్టు చెప్పుకుపోయింది, మధ్యమధ్య కళ్లు మూసుకుంటూ.

"తరవాత భుజాలు పోయాయి. అప్పట్లోనూ గోడ మీద ఒక కొలత ఉండేది, అది నేను చేసిన లెక్కే. నా కొలత నేనే అందుకోలేకపోయాను, అమ్మాయ్. నేను పెట్టిన దానికే నన్ను పంపించేశారు."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్లారు. ఆ చప్పుడు పోయాక అత్తగారు మళ్లీ అందుకుంది.

"వెళ్లేముందు భుజాలు పోయినవాళ్లం నలుగురం ఒక మాట అనుకున్నాం. రోజంతా వాళ్లది, పోనీ. ఒక్క దుప్పటి మాత్రం మన ఒళ్లు ఓర్చుకున్నట్టు మడుద్దాం అని. నిద్రా గిద్రా తరవాత ఎవరో కలిపారు."

ఇన్నేళ్లుగా వదిన ఆ దుప్పటి ఎవరికో మంచి నిద్ర ఇస్తుందనుకుంటూ మడిచింది. అది తన అత్తగారి భుజాల్లోంచి వచ్చిందని తెలియదు. ఆగలేక, జడ చివర దారం చుడుతూనే అనేసింది.

"నిన్న నేనన్నది తప్పమ్మాయ్. తప్పు మాట."

మెరుపు దారం ముడి వేసింది, బిగించింది, లేచి వెళ్లి మాడిన గిన్నె తోముకోవడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో తోముతోంది. కోపంలో ఏ చేత్తో ఏం చేస్తోందో చూసుకోవడం లేదనుకుంది వదిన.

పొద్దున లాండ్రీకి ముగ్గురూ కలిసే బయల్దేరారు, కలవకుండా నడిచారు. ముందు మెరుపు, వెనక వదిన, మధ్యలో మేస్త్రి. నిద్రలో నీ చేతులు ఊరికే గాల్లో మడతలు పెట్టాయని వదినకి చెప్పాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, ఆవిరి తగ్గించనా అని అడిగాడు. వాల్వు తన చేతిలోనే ఉంది. కాస్త తిప్పితే రోలర్లు చల్లబడతాయి, దుప్పటి ఆలస్యంగా వస్తుంది, ఎవరి తప్పూ ఉండదు.

వదినకి ఆశ పుట్టింది. మరుక్షణమే చిరాకూ పుట్టింది.

"వద్దయ్యా. మొన్న చూపించింది అబద్ధమే, ఇవాళ ఇంకో అబద్ధం ఎందుకు?"

మొన్న మనం నిజంగానే చేశాంగా, అబద్ధమెట్లా అయిందని ఆయన అడిగాడు. వదిన ఆలోచించింది. పెళ్లిచూపుల్లో చూపించిన ముఖం రోజూ ఉండే ముఖమా అని అడిగింది. అది ఆయనకి అర్థమైంది. తలూపి బాయిలర్ గదివైపు తిరిగాడు.

గడియారం సారు అప్పటికే వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన కళ్లు కూడా నిద్రలేనట్టే ఉన్నాయి. ఆయన వెనకాల సూపర్వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి హాలు ఎవరూ కడగలేదు. ఎవరూ చప్పట్లు కొట్టేలా లేరు. ఆవిరి మాత్రం ఎప్పటిలాగే నేలమీంచి లేచి, బల్లల కాళ్లు మింగేసి, నడుముల దాకా వచ్చింది. అందరూ మబ్బులో పనిచేస్తున్నట్టుంది.

మొదటి దుప్పటి వచ్చింది. గడియారం టిక్కుమంది.

మెరుపు లాగింది. ఆ లాగుడులోనే వదినకి తెలిసిపోయింది, మొన్నటి లాగుడే. విదిలింపు, అంచు, నడక, మార్పు, ఒకదానివెంట ఒకటి తరుముకొచ్చాయి. వదిన ఆగితే దుప్పటి జారి నేల మీద పడుతుంది. నేల తాకిన దుప్పటి మళ్లీ ఉతుకుకి పోవాలి. అలా పడెయ్యడం ఆ బల్ల దగ్గర ఎన్నడూ జరగలేదు, వదిన చేతులకి అది రాదు కూడా. అందుకే పరిగెత్తింది. రెండో దుప్పటి. మూడోది. సూపర్వైజరు ముఖంలో నవ్వు మొదలైంది. పక్కబల్ల పెద్దమ్మ తల దించుకుంది. అయిపోయిందనుకుంది వదిన. కోపం రాలేదు, జాలేసింది. పిల్లకి దక్కిన మంచిపేరు అదొక్కటే, ఎలా వదులుకుంటుంది?

ఆ తరవాతి దుప్పటికి ఇద్దరూ ఎదురెదురుగా నడిచొచ్చారు. కొసలు మారే చోట ముఖాలు దగ్గరైనప్పుడు, రెండు రోజుల తరవాత మొదటిసారి మెరుపు నోరు విప్పింది. పెదవులు కదిలీ కదలనట్టు.

"ఆపుదామంటే ఆగట్లేదు వదినా, నా చేతులు. ఒక్కసారి పట్టుకో."

వదిన కొసలతో పాటు ఆ చేతులనీ పట్టుకుంది. ఎడమది వేడిగా ఉంది. కుడిది మోచేతి దగ్గర్నుంచి పైదాకా సన్నగా వణుకుతోంది, ఇంజను ఆపాక కూడా కాసేపు వణికే బస్సులాగా. రోజూ ఆ చేతిలోంచి ఎన్ని కొసలు అందుకుందో, ఒక్కనాడూ ఆవిడకి తెలియలేదు.

"ఎప్పట్నుంచే ఇది?"

"నువ్వు మొద్దని తిట్టకముందు నుంచే," అంది మెరుపు. కళ్లలో నీళ్లున్నాయి, మూతి పక్కన నవ్వు కూడా ఉంది.

గడియారం టిక్కు టిక్కుమంటోంది. సూపర్వైజరు గొంతు సవరించుకున్నాడు. వదిన చేతులు వదల్లేదు.

"ఇదే ఆఖరి దుప్పటి అనుకో," అంది.

మెరుపు ఊపిరి తీసుకుంది. ఇద్దరూ వెనక్కి నడిచారు, సాయంత్రాల్లో నడిచినట్టు. దుప్పటి గాలి నింపుకుని లేచింది. ఆవిరిలో తెల్లగా, చప్పుడు లేకుండా, ఎంతసేపో దిగలేదు. ఆ నడక ఆ హాల్లో అందరికీ తెలిసిన నడకే. పక్కబల్ల పెద్దమ్మ తలెత్తి చూసింది. ఆవిడ జోడీ అడుగులూ నెమ్మదించాయి. ఆ పక్క బల్ల, ఆ వెనక బల్ల. పొద్దున్నే గంట కొట్టే వేళయినట్టు హాలంతా ఆ నిదానంలోకి జారిపోయింది. దుప్పట్లు లేస్తున్నాయి, దిగుతున్నాయి. వదినకి తను మెలకువగా ఉందో లేదో కూడా సందేహం వచ్చింది.

గడియారం సారు స్టూలు మీంచి లేచాడు.

"మొన్న అంత వేగంగా చేశారు. ఇప్పుడూ మొదట అలాగే చేశారు. మీ అసలు వేగం ఏదమ్మా?"

పని ఎగ్గొట్టే వేషాలు సార్, అన్నాడు సూపర్వైజరు. మెరుపువైపు చూసి, పిల్లకి మిఠాయి చూపించినట్టు నవ్వాడు. చెప్పు మెరుపూ, నీ చెయ్యి సంగతి నువ్వే చెప్పు, అన్నాడు.

చెయ్యి బాగాలేదని బయటపడితే ఆ పిల్లని ఈ సాయంత్రమే పంపించేస్తారు. తేలిక పని. వదిన తనే ఏదో ఒకటి చెప్పబోయింది. అంతలో మెరుపు తన కొసలు కూడా వదిన చేతికిచ్చి, కుడిచెయ్యి పైకెత్తింది. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగించి ఇంకొంచెం ఎత్తబోయింది. లేవలేదు.

"ఇంతేనండి. వేగం ఉంది, చెయ్యే లేదు."

సూపర్వైజరు ముఖంలో నవ్వు ఆరిపోయింది. అయితే ఇక నీకిక్కడ పనేముంది అన్నాడు, మెల్లగానే అన్నాడు. ఆ మాట ఆవిరిలో అందరి దగ్గరికీ వెళ్లింది.

పక్కబల్ల పెద్దమ్మ తన దుప్పటి బల్ల మీద పెట్టింది, జాగ్రత్తగా, అంచులు సరిచేసి. చేతులు తుడుచుకుంది. కుడిచెయ్యి ఎత్తింది. అది చెవి దాకా కూడా రాలేదు. ఆవిడ జోడీ ఎత్తింది, గడ్డం దగ్గర ఆగింది. వెనక బల్లవాళ్లు ఎత్తారు. తెల్లటి ఆవిరిలోంచి ఒక్కొక్కటే చేతులు లేస్తున్నాయి, ఏదీ పూర్తిగా లేవడం లేదు, ఎక్కడికక్కడ ఆగిపోతున్నాయి. బాయిలర్ గది గుమ్మంలో మేస్త్రి మసి చేతులతో నిలబడి చూస్తున్నాడు.

గడియారం సారు ఒక్కొక్క చెయ్యీ చూసుకుంటూ వచ్చాడు. చివరికి వదిన దగ్గర ఆగాడు. దుప్పటి నాలుగు కొసలూ గుండెలకి హత్తుకుని నిలబడ్డ ఆవిడ ఒక్కతే ఇంకా చెయ్యెత్తలేదు.

"మీదీ చూపిస్తారా?" అన్నాడు.

వదిన ఎన్నడూ చూసుకోలేదు. చూసుకోవాలని తోచనేలేదు. ఎందుకో ఉన్నట్టుండి పంచదార డబ్బా గుర్తొచ్చింది. పై అరలో ఉండాల్సిన డబ్బా, ఎవరు దించారో తెలియకుండా కింది అరలోకి దిగిన డబ్బా. అంత పైకి చెయ్యి చాచి ఎన్నాళ్లయిందో ఆవిడకి గుర్తు రాలేదు.

దుప్పటిని మెరుపుకిచ్చింది. మెరుపు ఎడమచేత్తో అందుకుంది.

వదిన మొగుడివైపు చూడలేదు. కళ్లు మూసుకుని, నెమ్మదిగా, కుడిచెయ్యి పైకెత్తడం మొదలుపెట్టింది. అది ఎక్కడిదాకా వెళుతుందో ఆవిడకే తెలియదు.